90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలట, ఎవరి కోసమో చెప్పండి

తలనొప్పి99
పొద్దున సిస్టమ్ తెరవగానే ఎర్రక్షరాలు ప్రత్యక్షం: మీ పాస్‌వర్డ్ గడువు ముగిసింది. 90 రోజులకోసారి ఇదే తంతు. 12 అక్షరాలుండాలి, అందులో పెద్దదొకటి, చిన్నదొకటి, ఒక అంకె, ఒక గుర్తు. ఇదివరకు వాడిన పదింట్లో ఏదీ కాకూడదు. ఇన్ని తట్టుకోలేక ఓ ఉపాయం పెట్టుకున్నాను. మాట అదే ఉంచి చివర అంకె ఒకటి పెంచుతాను. ఇవాళ్టితో 14 అయింది. మార్చిన పావుగంటకే అలవాటు కొద్దీ 13 కొట్టాను, అదీ మూడుసార్లు. లాకైపోయింది.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించారు. తర్వాత ఒకబ్బాయి ఎత్తి "మీ పేరు చెప్పండి మేడమ్" అన్నాడు. చెప్పాను. అంతే, కొత్త పాస్‌వర్డ్ ఫోన్లోనే చదివేశాడు. నేను నేనేనా అని మాటవరసకైనా అడగలేదు. నా పేరు ఆఫీసంతా తెలుసు, గుమ్మం దగ్గర బోర్డు మీద కూడా ఉంది.

మరి 14 దాకా లెక్కపెట్టుకుంటూ వచ్చిన నా తిప్పలు ఎవరి కోసం? ఇది భద్రతా, నాటకమా?

కాగితంపడవ
14కే ఇంత బాధా? నాది 31. రిటైరయ్యేలోపు వంద కొట్టాలని ఉంది.

బొంగరం
నేను నెల పేరు, పక్కన సంవత్సరం పెడతాను. మర్చిపోతే గోడ మీద క్యాలెండర్ ఉండనే ఉంది.

సర్వర్_గది
బొంగరం గారూ, మీరు మా ఆఫీసులోనే ఉన్నారేమోనని భయంగా ఉంది.

నేను అటువైపు కూర్చునే మనిషిని కాబట్టి మా గోడు కూడా చెప్తాను. ఈ రూలు మాకేం ముద్దు కాదు. సెలవుల తర్వాత వచ్చే సోమవారం అందరి గడువూ ఒకేసారి తీరుతుంది, ఆ రోజు మా ఫోన్లు ఆగవు. దీని వెనకున్న లెక్క ఏమిటంటే, పాస్‌వర్డ్ బయటికి పొక్కినా అది మనకి తెలిసేసరికి నెలలు పట్టొచ్చు. ఈలోగా గడువు తీరితే దొంగ చేతిలో ఉన్నది పనికిరాకుండా పోతుంది. కాగితం మీద బాగానే ఉంది కదా.

రెండో కారణం బయటికి చెప్పేది కాదు గానీ చెప్తున్నాను. ఏటా ఆడిటర్ వస్తాడు. ఆయన చేతిలో ఓ జాబితా, అందులో "పాస్‌వర్డ్ గడువు ఎన్ని రోజులు" అని ఓ గడి. "గడువు లేదు" అని నింపితే సంజాయిషీ రాసుకోవాల్సింది మేమే. 90 అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు.

హెల్ప్‌డెస్క్ అబ్బాయిని మాత్రం సమర్థించను. అది ఘోరం.

లెక్కలమాస్టారు
ఆ గడి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 2004లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒక పత్రం వేసింది. అందులో పాస్‌వర్డ్‌ల అనుబంధం రాసింది బిల్ బర్ అనే ఉద్యోగి. పెద్దక్షరం, అంకె, గుర్తు కలపండి, మారుస్తూ ఉండండి అన్న సలహాలు దాంతోనే కంపెనీలన్నిటికీ పాకాయి. జనం నిజంగా ఎలాంటి పాస్‌వర్డ్‌లు పెట్టుకుంటారో చూద్దామంటే అప్పట్లో ఆయనకి సరైన సమాచారం దొరకలేదు. 2017లో వాల్ స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ, నేను చేసినదాంట్లో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని చెప్పాడు. అప్పటికి రిటైరైపోయాడు పెద్దమనిషి.

అదే ఏడాది నిస్ట్ తన మాట మార్చుకుంది. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దు, లీకైందని ఆధారం ఉంటే మార్పించండి అంది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ కోసం ఇచ్చే భద్రతా సూచనల్లోంచి గడువుని తీసేసింది. 2025లో వచ్చిన నిస్ట్ కూర్పులో "వద్దు" కాస్తా "కూడదు" అయింది. ఆడిటర్ గారి జాబితా మాత్రం 2004లోనే ఆగింది.

ఇక సర్వర్_గది గారు చెప్పిన "దొంగ చేతిలో ఉన్నది పనికిరాదు" అన్న లెక్క. 2010లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధకులు దాన్నే పరీక్షించారు. 90 రోజుల రూలు ఉన్న 7,700 పైచిలుకు పాత ఖాతాలు తీసుకుని, ముందటి పాస్‌వర్డ్ తెలిస్తే తర్వాతది ఊహించగలమా అని చూశారు. 41 శాతం సెకన్లలో దొరికిపోయాయి. 17 శాతం ఖాతాల్లో అయిదు ప్రయత్నాలు కూడా పట్టలేదు. అంటే చాలాచోట్ల లాక్ పడేలోపే లోపలికి వెళ్ళిపోవచ్చు.

తలనొప్పి99
13 చూసినవాడు 14 కనిపెట్టడానికి పరిశోధన ఎందుకు మాస్టారూ, మా అబ్బాయి చెప్తాడు. వాడికి ఇరవై దాకా వచ్చు.

కాగితంపడవ
నాది వాడికి రాదు.

సర్వర్_గది
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట. నిస్ట్ "గడువు తీసేయండి" అని ఊరుకోలేదు. దానికి బదులు ఇంకొన్ని చేయమంది: పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండనివ్వండి, లీకైనవాటి జాబితాతో పోల్చి అందులో ఉంటే ఒప్పుకోకండి. మా పెద్దలు మొదటి ముక్క విని సంబరపడతారు, రెండోదానికి బడ్జెట్ అడిగితే వినబడదు. రెండోది చేయకుండా మొదటిది తీసేస్తే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

వేపచెట్టు
నాకు అరవై ఏడు. పాస్‌వర్డ్‌లన్నీ డైరీలో రాసుకుంటాను. బ్యాంకుకో పేజీ, మెయిల్‌కో పేజీ, కరెంటు బిల్లుకో పేజీ. మా పిల్లలు నవ్వుతారు. ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దొంగ నా బీరువాలో ఉన్న డైరీ ఎలా చదువుతాడో మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. బాబూ సర్వర్ గదీ, నువ్వైనా చెప్పు.

సర్వర్_గది
ఇంట్లో డైరీ అయితే ఇబ్బందేం లేదండీ, నిజం. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకునే పిల్లల కన్నా మీరే నయం. మా బాధ ఆఫీసులో మానిటర్‌కి పసుపు చీటీ అంటించేవాళ్ళతో. హవాయి విపత్తుల సంస్థలో 2017లో పత్రికలవాళ్ళు ఫొటో తీస్తే వెనక మానిటర్ మీద పాస్‌వర్డ్ చీటీ పడింది. 2018 జనవరిలో "క్షిపణి వస్తోంది" అని తప్పుడు హెచ్చరిక పంపింది ఆ సంస్థే. చీటీకీ హెచ్చరికకీ సంబంధం లేదు, అది అక్కడి ఉద్యోగి పంపిందే. కానీ ఆ గొడవలో ఎవరో పాత ఫొటో తవ్వి తీశారు.

లెక్కలమాస్టారు
ఆ కథలో అసలు తమాషా ఇంకోటుంది. హెచ్చరిక అబద్ధమని గవర్నర్‌కి రెండు నిమిషాల్లోనే తెలిసింది. ట్విట్టర్‌లో ఆ మాట చెప్పడానికి మాత్రం పావుగంట పట్టింది. లాగిన్ వివరాలు గుర్తుకు రాలేదట.

వేపచెట్టు
డైరీ ఉంటే ఈ తిప్పలుండేవా.

మూడోకన్ను
అయ్యా, డైరీలూ చీటీలూ ఎందుకు? పాస్‌వర్డ్ మేనేజర్ అని ఒకటుంది. ఒక్క పెద్ద పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ అదే తయారుచేస్తుంది, అదే దాచిపెడుతుంది, అదే నింపుతుంది. నా మెయిల్ పాస్‌వర్డ్ ఏమిటో నాకే తెలీదు, కొట్టి అడిగినా చెప్పలేను.

అసలు ముప్పు పాత పాస్‌వర్డ్ కాదండీ, ఒకే పాస్‌వర్డ్ పదిచోట్ల వాడటం. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు పోయాయి. వాళ్ళు వాటిని ఉన్నవున్నట్టు, ఏ మరుగూ లేకుండా దాచుకున్నారు. అందులో ఎక్కువమంది పెట్టుకున్నది ఏదో తెలుసా? 123456. దొంగలు ఇలాంటి జాబితాలు పట్టుకుని ప్రతి సైట్ మీదా వరసపెట్టి ప్రయత్నిస్తారు. మనిషి కూర్చుని చేయడు, ప్రోగ్రామ్ చేస్తుంది. ఒక చోట పడ్డ కన్నంలోంచి పది ఇళ్ళలోకి దూరతారు.

అద్దెఇల్లు
ఇది నాకు జరిగింది. కాలేజీ రోజుల్లో ఏదో ఆటల సైట్‌లో ఖాతా తెరిచాను. రెండు నెలలు ఆడి మర్చిపోయాను. మెయిల్‌కీ దానికీ ఒకటే పాస్‌వర్డ్. ఆ సైట్ ఎప్పుడో లీకైంది, నాకు తెలీనే తెలీదు. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒక రాత్రి నా మెయిల్లోంచి చుట్టాలందరికీ ఉత్తరాలు వెళ్ళాయి, "ఆపదలో ఉన్నాను, డబ్బు పంపండి, ఫోన్ పోయింది కాబట్టి కాల్ చేయొద్దు" అని. మా పిన్ని నిజమనుకుని పంపేసింది. బాబాయికి అనుమానం వచ్చి మా ఆయనకి ఫోన్ చేస్తే అప్పుడు బయటపడింది.

డబ్బు మేం తిరిగిచ్చేశాం, అది కాదు బాధ. ఆ ఉత్తరం చదివి పిన్ని రాత్రంతా ఏడుస్తూ కూర్చుందట. ఇప్పటికీ నా నుంచి మెయిల్ వస్తే ముందు ఫోన్ చేసి "నువ్వేనా?" అని అడుగుతుంది.

బొంగరం
పిన్ని గారిని తలనొప్పి గారి హెల్ప్‌డెస్క్‌లో పెట్టాలి.

తలనొప్పి99
నిజంగా! ఆ "నువ్వేనా" అన్న మాట చాలు.

మూడోకన్ను
అద్దెఇల్లు గారూ, మీ మెయిల్ అడ్రస్ ఇలాంటి లీకుల్లో ఉందో లేదో చూసుకోవడానికి హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్ ఉంది. ట్రాయ్ హంట్ అనే ఆయన 2013లో పెట్టాడు. ఒకసారి అందరూ చూసుకోండి. నాది తొమ్మిదిచోట్ల ఉంది. అందులో రెండు సైట్లలో ఖాతా తెరిచినట్టే నాకు గుర్తులేదు.

నిద్రమాత్ర
మూడోకన్ను గారు మేనేజర్‌ని తెగ మెచ్చుకుంటున్నారు. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ కంపెనీకి ఏమైందో కూడా చెప్పండి మరి. ఖాతాదారుల పాస్‌వర్డ్‌లు దాచిన ఖజానాల ప్రతులే ఎత్తుకుపోయారు. ఇంటిల్లిపాది తాళంచెవులూ ఒకే కొక్కేనికి తగిలించి, ఆ కొక్కెం పక్కింట్లో పెట్టినట్టుంది మీ సలహా.

మూడోకన్ను
చెప్పకుండా దాటేద్దామనుకోలేదు. పోయిన మాట నిజమే. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే చెవి లేనివాళ్ళకి చదవరాని రాతగా మార్చి ఉన్నాయి కాబట్టి మాస్టర్ పాస్‌వర్డ్ గట్టిగా ఉన్నవాళ్ళకి కొంత ధైర్యం. బలహీనంగా పెట్టుకున్నవాళ్ళది ప్రమాదమే, ఎందుకంటే దొంగ తన ఇంట్లో కూర్చుని తీరిగ్గా ఎన్ని కోట్లసార్లయినా ప్రయత్నించుకోవచ్చు. పైగా సైట్ల అడ్రసులు ఎన్‌క్రిప్ట్ చేయలేదు, అది వాళ్ళ తప్పే. అయినా తన మెదడునే మేనేజర్‌గా నమ్ముకున్నవాళ్ళు నెల పేరూ సంవత్సరమూ పెట్టుకుంటున్నారు కదా, దానికేమంటారు?

బొంగరం
నన్నెందుకు మధ్యలోకి లాగుతారు.

నిద్రమాత్ర
లాస్ట్‌పాస్ నిజాయితీగా చెప్పింది, సరే. అందరూ చెప్తారా? యాహూలో దొంగలు పడింది 2013లో. వంద కోట్ల ఖాతాలని చెప్పింది 2016 డిసెంబరులో. కాదు, ఉన్న 300 కోట్లూ పోయాయని 2017లో చెప్పారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ నాలుగేళ్ళు. మీరేమో తొంభై రోజులూ, మూడు తప్పులూ, లాకులూ అని చిన్నవాళ్ళ మీద పడతారు. దాచుకోవాల్సింది వాళ్ళయితే శిక్ష మనకి.

లెక్కలమాస్టారు
ఇది మాత్రం నూటికి నూరు పాళ్ళు.

కాగితంపడవ
ఇంత గొడవెందుకు, ఓటీపీ వస్తోంది కదా. పాస్‌వర్డ్ పోయినా ఫోన్ నా దగ్గరే ఉంటుంది.

సర్వర్_గది
ఫోన్ మీ దగ్గరే ఉంటుంది, నంబరు ఉండకపోవచ్చు. 2019 ఆగస్టులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతాలోంచే బూతులు పోస్టయ్యాయి. దొంగలు ఆయన నంబరుని తమ సిమ్ మీదకి మార్పించుకున్నారు. కంపెనీ అధిపతికే దిక్కులేదు. మెసేజ్‌లో వచ్చే ఓటీపీ ఏమీ లేనిదానికన్నా నయమే, కానీ దాన్నే నమ్ముకుని పడుకోవద్దు. ముప్పై సెకన్లకోసారి అంకెలు మారే యాప్ ఉంటుంది కదా, అది పెట్టుకోండి. ఆ అంకెలు ఫోన్లోనే పుడతాయి, గాల్లో ఎవరూ పంపరు, సిమ్ మార్చినా ఉపయోగం ఉండదు.

కాగితంపడవ
ఆ యాప్ కథ నా దగ్గర అడగకండి. ఫోన్ బకెట్లో పడింది. "ఫోన్ పోతే వాడుకోండి" అని ఇచ్చిన పది కోడ్‌లు భద్రంగా స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడుందో ఊహించండి.

బొంగరం
బకెట్లో.

అద్దెఇల్లు
😂😂

వేపచెట్టు
డైరీలో రాసుకోవాల్సింది.

బొంగరం
వేలిముద్ర పెట్టేస్తే పోయె. మర్చిపోయేది లేదు, మార్చేది లేదు.

లెక్కలమాస్టారు
మార్చలేకపోవడమే దాంతో చిక్కు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి రెండు కోట్ల మందికి పైగా వివరాలు పోయాయి, వాటిలో 56 లక్షల మంది వేలిముద్రలున్నాయి. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం. వేలు పోతే?

మూడోకన్ను
మాస్టారూ, రెండూ కలిపేస్తున్నారు. అది ఒకేచోట కుప్పపోసి దాచిన వేలిముద్రల సంగతి. మన ఫోన్ తెరవడానికి పెట్టేది ఫోన్లోని చిప్‌లోనే ఉండిపోతుంది, కంపెనీ సర్వర్‌కి పోదు. దీనికీ దానికీ చాలా తేడా ఉంది.

లెక్కలమాస్టారు
ఒప్పుకున్నాను. నా గురి ఆ కుప్పల మీదే. నా ముద్ర నా ఫోన్లో ఉంటే నాకూ పేచీ లేదు. ఎవడో గేటు దగ్గర యంత్రం పెట్టి ముద్ర అడిగితే, అది ఎక్కడికి పోతోందో అడిగే హక్కు ఉండాలంటున్నాను.

వేపచెట్టు
నా వేళ్ళు యంత్రాలు గుర్తుపట్టవు. అరిగిపోయాయి. "ఇంకోసారి పెట్టండి, తడి తుడుచుకుని పెట్టండి" అంటుంటారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు నిట్టూరుస్తుంటారు. నేను ఉన్నానని నిరూపించుకోలేకపోవడం ఈ వయసులో కొత్త అనుభవం.

మూడోకన్ను
అందుకే పాస్‌కీ వచ్చింది, పాస్‌వర్డ్ కొట్టకుండా ఫోన్‌తోనే లాగినయ్యే పద్ధతి. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి 2022లో దీనికి సై అన్నాయి. తాళం సైట్ దగ్గర, చెవి మన ఫోన్లో. సైట్‌లో దొంగలు పడినా దొరికేది తాళమే, దాంతో వాళ్ళేం చేసుకోలేరు. నకిలీ సైట్‌కి వెళ్తే అడ్రస్ కలవదు కాబట్టి ఫోన్ అసలు చెవి తీయదు. మనం మోసపోయినా అది మోసపోదు. వేలు పడకపోతే ఫోన్ పిన్ కొట్టొచ్చు వేపచెట్టు గారూ.

తలనొప్పి99
ఫోన్ బకెట్లో పడితే?

మూడోకన్ను
క్లౌడ్‌లో ప్రతి ఉంటుంది. కొత్త ఫోన్లో మీ ఖాతాతో లాగినైతే వచ్చేస్తాయి.

తలనొప్పి99
ఆ ఖాతాలోకి లాగినవ్వడానికి?

మూడోకన్ను
...పాస్‌వర్డ్ ఉంటే మంచిది.

కాగితంపడవ
తిరిగి తిరిగి 31 దగ్గరికే వచ్చాం.

గళ్ళచొక్కా
మీరంతా గొళ్ళెం ఇనుముదా ఇత్తడిదా అని కొట్టుకుంటున్నారు. ప్రభుత్వాలు అడుగుతున్నది మారు తాళంచెవి. 2016లో ఒక ఐఫోన్ తెరవడానికి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ రాసివ్వమని ఎఫ్‌బీఐ ఆపిల్ మీద కోర్టు ఆర్డరు తెచ్చింది. ఆపిల్ కుదరదంది. చివరికి బయటివాళ్ళెవరో తెరిచిపెడితే కేసు వెనక్కి తీసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఐక్లౌడ్‌కి, అంటే తన ఆన్‌లైన్ నిల్వకి ఉన్న అదనపు ఎన్‌క్రిప్షన్‌ని ఆపిల్ కొత్తవాళ్ళకి ఇవ్వడం ఆపేసింది. అక్కడి ప్రభుత్వం లోపలికి దారి అడిగిందని వార్త. దారి ఇవ్వడం కన్నా తలుపే పీకేయడం మేలనుకున్నట్టున్నారు. మీ 12 అక్షరాలు, గుర్తులు వీటి ముందు ఎంత?

నిద్రమాత్ర
ఆ ఐఫోన్ ఎవరిదో చెప్పకుండా వదిలేశారు. అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపినవాడిది. వాడికి ఎవరు సాయం చేశారో తెలుసుకోవద్దా? చిన్నపిల్లల్ని వేధించేవాళ్ళు ఏ మెసేజింగ్ యాప్‌లో దాక్కుంటారో మీకూ తెలుసు. కోర్టు వారంటు ఉంటే పోలీసులు ఇంటి తలుపు తీయించొచ్చు, ఫోన్ మాత్రం ముట్టుకోకూడదా? "నా గోప్యత, నా హక్కు" అనడం తేలిక, మనింట్లో జరిగితే అప్పుడు తెలుస్తుంది.

గళ్ళచొక్కా
వారంటుని నేను కాదనడం లేదు. పోలీసు ఆ ఒక్క ఇంటి తలుపు పగలగొడితే నాకు అభ్యంతరం లేదు. ఊరందరి తాళాలకీ ఒకే మారుచెవి చేయించి స్టేషన్లో మేకుకి తగిలిస్తామంటేనే అభ్యంతరం. ఆ మేకు దగ్గరికి దొంగ చేరడని ఎవరు హామీ ఇస్తారు? 1993లో అమెరికా క్లిప్పర్ చిప్ అని తెచ్చింది, ఫోన్లలో పెట్టి చెవి ప్రభుత్వం దగ్గర ఉంచుకుంటామని. మరుసటి ఏడాదే మ్యాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు అందులో లోపం పట్టుకున్నాడు. మూలపడింది.

అది పాతకథ అంటారేమో, 2024 చూడండి. అమెరికా టెలిఫోన్ కంపెనీల్లో చైనా హ్యాకర్లు దూరారు. కోర్టు ఆర్డరుతో పోలీసులు అడిగిన సమాచారాన్నే కొంత ఎత్తుకుపోయారని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. మంచివాళ్ళ కోసం తీసిన దొడ్డిదారిని మంచివాళ్ళే వాడతారన్న హామీ ఏదీ?

నిద్రమాత్ర
దొడ్డిదారి వద్దంటే ఏది కావాలో చెప్పండి. వద్దు అనడం తప్ప మీ దగ్గర జవాబు లేదు. బాధితులకి ఏం చెప్తారు?

గళ్ళచొక్కా
ఆ ఐఫోన్ తెరుచుకుంది కదా, దొడ్డిదారి లేకుండానే. కష్టపడ్డారు, ఖర్చయింది, తెరిచారు. కష్టంగా ఉండటమే మంచిది. తేలికైతే ఒకడి ఫోన్‌తో ఆగరు.

నిద్రమాత్ర
ప్రతి కేసులోనూ అలా తెరుచుకోదు. దీని మీద నా అభిప్రాయం మారదు.

గళ్ళచొక్కా
నాదీ మారదు. పోనీండి.

సర్వర్_గది
ఇద్దరికీ మధ్యలో నలిగేది మేమే. పోలీసుల నుంచి ఉత్తరం వస్తుంది, ఉన్నది ఇస్తాం. మా దగ్గర లేనిది ఇవ్వలేం. అందుకే నేను మా వాళ్ళతో ఎప్పుడూ పోరుతుంటాను, అక్కర్లేని సమాచారం పోగెయ్యొద్దని. లేనిదాన్ని దొంగా ఎత్తుకుపోలేడు, దొరా అడగలేడు.

వేపచెట్టు
మీ గొడవ చదువుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. నా స్నేహితుడు పోయిన ఏడాది పోయాడు. గుండెపోటు, ఏమీ చెప్పే వ్యవధి లేదు. మనిషి మహా జాగ్రత్తపరుడు, ఎక్కడా ఏదీ రాసిపెట్టేవాడు కాదు, నా డైరీ చూసి నవ్వేవాడు. ఫోన్ పిన్ ఎవరికీ తెలీదు. మనవరాలు పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయట. ఆయన భార్య ఆ ఫోన్‌కి ఇప్పటికీ రోజూ ఛార్జింగ్ పెడుతుంది. తెరుచుకోదు. అయినా పెడుతుంది.

దొంగల్ని ఆపాలి, నిజమే. ఇంట్లోవాళ్ళని ఆపడం ఏం భద్రత?

అద్దెఇల్లు
😔 ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. మా నాన్నగారి ఫోన్ పిన్ కూడా మాలో ఎవరికీ తెలీదు.

మూడోకన్ను
దీనికి దారి ఉంది, చాలామందికి తెలీదంతే. గూగుల్ ఖాతాలో 2013 నుంచి ఒక ఏర్పాటుంది. మీరు పెట్టిన గడువు, అంటే మూడు నెలలో ఏడాదో, అన్నాళ్ళు ఖాతా వాడకపోతే మీరు చెప్పిన మనిషికి మీరు ఎంచిన సమాచారం అందుతుంది. ఆపిల్‌లో 2021 నుంచి వారసుల్ని ముందే చేర్చుకోవచ్చు. రెండూ బతికుండగానే పెట్టుకోవాలి. పది నిమిషాల పని. అడగడమే కష్టం, "నాన్నా నువ్వు పోయాక" అని ఎలా మొదలుపెడతాం?

నిద్రమాత్ర
నాది పెట్టేశాను ఇప్పుడే. మా ఆవిడ పేరు. ఏం చేస్తున్నారని అడిగింది, చెప్తే కసిరింది.

లెక్కలమాస్టారు
తలనొప్పి గారి మొదటి ప్రశ్న మధ్యలో జారిపోయింది. 14 సంగతి వదిలేయండి, అసలు ప్రమాదం ఆ హెల్ప్‌డెస్క్. 2020 జులైలో ట్విట్టర్‌లో ఒబామా, బైడెన్, బిల్ గేట్స్ ఖాతాలన్నీ ఒకేసారి పోయాయి గుర్తుందా? ఎవరూ ఎవరి పాస్‌వర్డూ ఊహించలేదు. ట్విట్టర్ ఉద్యోగులకి ఫోన్ చేసి, మాటల్లో పెట్టి, లోపలి పరికరాల దాకా వెళ్ళారు. ముఖ్య నిందితుడికి అప్పటికి పదిహేడేళ్ళు.

సర్వర్_గది
ఇది చదివాక మా దగ్గర ఒక పని చేయించాను. పాస్‌వర్డ్ మార్చమని ఫోన్ వస్తే, పెట్టేసి రికార్డులో ఉన్న నంబరుకి మేమే తిరిగి చేయాలి. మొదటి రోజే ఓ పెద్దాయన "నా గొంతు గుర్తుపట్టలేదా" అని కేకలేశారు. గుర్తుపట్టాను, అయినా తిరిగి చేశాను. 90 రోజుల గడి గురించి నిస్ట్ పత్రం జతచేసి ఆడిటర్‌కి రాశాను. ఏ పేజీ అని అడిగారు. పంపాను. ఇంకా జవాబు లేదు.

బొంగరం
నేను కూడా మార్చుకున్నాను. ఇకపై నెల పేరు లేదు.

మూడోకన్ను
శభాష్. మేనేజర్ పెట్టుకున్నారా?

బొంగరం
ఋతువు పేరు పెట్టాను.

తలనొప్పి99
నేను కూడా మా వాళ్ళకి మెయిల్ రాశాను, పేరు చెప్తే పాస్‌వర్డ్ ఇచ్చేస్తున్నారని. నాలుగు రోజులకి జవాబొచ్చింది: మీ సూచన స్వీకరించాం, ఇకపై గుర్తింపు ధ్రువీకరించాకే ఇస్తాం. సంతోషించి, పరీక్షిద్దామని ఇవాళ ఫోన్ చేశాను. అదే అబ్బాయి. "పేరు చెప్పండి మేడమ్" అన్నాడు, చెప్పాను. "పుట్టిన తేదీ?" అన్నాడు. చెప్పాను, పాస్‌వర్డ్ చదివేశాడు.

పోయిన మంగళవారం ఆఫీసు గ్రూపులో నాకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినవాళ్ళలో వాడూ ఉన్నాడు.

కాగితంపడవ
ఇవాళ నాకూ ఎర్రక్షరాలు వచ్చాయి. 32.